అద్దంలా రుద్దిన ఉక్కు

ఆయన పోయారని కొమురయ్య వచ్చి చెప్పినప్పుడు నేను ఫస్టియర్ పిల్లలకి స్క్రూగేజీ పట్టుకోవడం నేర్పుతున్నాను. కొమురయ్య మా ల్యాబ్ అటెండరు. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా, "అమ్మా, మన సారు పోయిండు" అన్నాడు. మా కాలేజీలో సార్లు బోలెడంతమంది. కొమురయ్య 'మన సారు' అనేది మాత్రం ఒక్కరినే. పరకాల బస్టాండులో బస్సు కోసం నిలబడి, కాళ్లు లాగుతున్నాయని అరుగు మీద కూర్చున్నారట. అంతే, మళ్లీ లేవలేదు.

పిల్లల్ని పంపించేసి స్టాఫ్ రూముకి వెళ్లాను. కొత్తగా చేరిన లెక్చరరు ఒకాయన పేపరు మడిచి, "ఎవరు మేడం? రేడియేషన్ తగిలినా చెడని స్టీలు కనిపెట్టారని చెప్తారు, ఆయనేనా?" అని అడిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన కనిపెట్టలేదు బాబూ, అది తప్పని అన్నందుకే ఆయన్ని ఇక్కడినుంచి తరిమేశారు, అని మొదలుపెట్టాను. అతను ఎంతో మర్యాదగా తల ఊపుతూ విన్నాడు. అలా తల ఊపేవాళ్లకి చెప్పడం నావల్ల కాదు. అందుకని ఊరుకున్నాను. ఊరుకోవడమూ నావల్ల కావడం లేదు కాబట్టి రాస్తున్నాను.

మా సారు మనిషి పొట్టి. నలుపు. ఎప్పుడూ తెల్లని పొట్టి చేతుల చొక్కా. జేబులో పెన్ను ఉండాల్సిన చోట మడత పెట్టిన రబ్బరు గ్లవుజులు ఉండేవి. భార్య మిషన్ దవాఖానలో నర్సు. అక్కడ పనికిరావని పక్కన పడేసిన గ్లవుజులు ఆమె కడిగి, ఆరబెట్టి, అలవాటు కొద్దీ పౌడరు చల్లి ఇచ్చేది. ఈయన ఆ పౌడరంతా మళ్లీ కడిగేవారు. "మా ఇంటామె నా మీద ప్రేమతోని పౌడరు చల్లుతది. ఆ ప్రేమ నా వాక్యూమ్‌కు పడదు" అనేవారు.

ఆయన చేసే ప్రతి పనీ నిదానమే. టిఫిను డబ్బా తెరిస్తే మేమందరం తిని చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన ఇంకా రెండో ముద్ద కలుపుతుండేవారు. హనుమకొండలో సుబేదారి నుంచి కాలేజీకి సైకిలు మీద వచ్చేవారు గానీ, పక్కన నడిచేవాళ్లు ఆయన కంటే ముందు చేరుకునేవాళ్లు. రిక్షా ఎక్కినా అంతే. "జర మెల్లగ పోనీ తమ్మీ, నాకేం తొందర లేదు" అనేవారు. ఇంకో బేరం పోతుందని ఆ రిక్షా అబ్బాయి లోపల్లోపల గొణుక్కునేవాడు. ఆయనతో కలిసి ఎక్కడికైనా వెళ్లాలంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. నేను అప్పట్లో ఆయన దగ్గర రీసెర్చ్ స్కాలర్‌ని. నాది పరకాల. మా ఇంట్లో ఆడామగా అందరం ఉరుకులు పరుగుల మనుషులం.

ఆయన పని కూడా మెల్లగా పోయేదాని మీదే. డెబ్బైల్లో, మా డిపార్టుమెంటు వెనక, పాత బ్యాటరీలు పడేసే రేకుల షెడ్డులో ఆయన మెల్లని పాజిట్రాన్ల ధార ఒకటి కట్టడం మొదలుపెట్టారు. పాజిట్రాన్ అంటే ఎలక్ట్రానుకి ఎదురు కవల. రెండూ ఎదురుపడితే రెండూ మాయమై గామా కిరణాలు మిగులుతాయి. ఒక రకం సోడియం నుంచి ఈ పాజిట్రాన్లు వాటంతటవే వస్తుంటాయి. కానీ విపరీతమైన వేగంతో వస్తాయి. లోహం ముందు పెడితే లోపలికి దూసుకుపోయి ఎక్కడో లోతులో చస్తాయి. వాటిని ముందు పలచని టంగ్‌స్టన్ రేకు గుండా పంపి వేగం చంపితే, లక్షల్లో ఏ ఒకటో అరో మెల్లగా బయటికొస్తాయి. ఆ మెల్లనివి లోహం పై పొరలోనే ఆగిపోతాయి. రేడియేషన్ దెబ్బకి ఆ పొరలో పరమాణువులు చోటు వదిలి లేచిపోయి ఉంటే, మిగిలిన ఖాళీల్లో చిక్కుకుంటాయి. ఖాళీలో చిక్కి చచ్చినదాని గామా కిరణానికీ, నిండు లోహంలో చచ్చినదాని గామా కిరణానికీ కొంచెం తేడా ఉంటుంది. ఆ కొంచెం తేడా పట్టుకుంటే లోహానికి ఎంత దెబ్బ తగిలిందో చెప్పొచ్చు.

ఇదంతా నాకు పుస్తకాల్లో చదివితే ఎక్కలేదు. ఆయన సైకిలు నడిపించుకుంటూ పోతూ చెప్పారు. "చూడమ్మా, ఉరుక్కుంట పోయేటోడు ఎవరి ఇంటి ముంగట ఏమున్నదో చూస్తడా? చూడడు. మెల్లగ నడిచేటోడే గడప కాడ ఆగుతడు. మనకు గడప కాడి సంగతే గావాలె."

ఆ షెడ్డులో ఏదీ కొత్తది కాదు. పాజిట్రాన్లు పోయే పైపులోంచి గాలి లాగేసే వాక్యూమ్ పంపు ఎవరో వాడి వదిలేసింది. పైపు చుట్టూ అయస్కాంతాలుగా ఉండాల్సిన రాగి తీగ చుట్లని స్టేషన్ రోడ్డులో బావి మోటార్లకి వైండింగ్ చేసే ఆయన దగ్గర చేయించారు. అతను ఎండాకాలం పని ముట్టుకునేవాడు కాదు. "ఇప్పుడు రాకుండ్రి సార్, కాలిపోయిన మోటార్లు పట్టుకొని రైతులు నా షాపు ముంగటే పండుకున్నరు. వానలు పడ్డంక రాండ్రి" అనేవాడు. మాకు వానలు పడితే గానీ అయస్కాంతాలు లేవు. ఆకాశం వంక చూసి జరిగే ఫిజిక్సు ప్రయోగం ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. తీరా వానలు పడి చుట్లు వచ్చాక కరెంటు ఉండేది కాదు. ఉన్నా దీపం మిణుకుమనేది. టంగ్‌స్టన్ రేకుని తెల్లగా కాల్చుతుండగా వోల్టేజి పడిపోతే, మళ్లీ మొదటికి. ఆయన మాత్రం పంపు పక్కన స్టూలు వేసుకుని, చెవి అటు పెట్టి, "గొంతు మారింది. ఎక్కడనో లీకున్నది. జర మెల్లగ చూద్దాం" అనేవారు.

దసరాకి కొమురయ్య మిషన్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టేవాడు. ఆయన ప్రొటెస్టెంటు, ఆదివారం గుడి తప్పనివారు. అయినా వద్దనేవారు కాదు. "పంపుకు పెట్టు కొమురయ్యా, నిమ్మకాయ గూడ పెట్టు. పైపును ముట్టకు" అనేవారు.

ముట్టకు అనేది ఆయన నోట్లో ఊతపదం అయిపోయింది. వేలి ముద్రలో ఉండే జిడ్డు చాలు, ఆ జిడ్డు ఆవిరై వాక్యూమ్ పాడవుతుంది. లోహం మీద పడితే ఇంకా మోసం. మెల్లగా వచ్చే పాజిట్రాన్‌కి కనిపించేది ఆ పైపైనే కదా. అందుకని ఎవరు షెడ్డులోకి వచ్చినా, ఆయన రెండు చేతులూ ఆపరేషనుకి పోయే డాక్టర్లాగా పైకెత్తి, "ముట్టకుండ్రి, ముట్టకుండ్రి" అంటూ ఎదురొచ్చేవారు. ఎమ్మెస్సీ పిల్లలు వెనకాల అదే చేసి నవ్వుకునేవాళ్లు.

ఒకరోజు మా డిపార్టుమెంటు హెడ్డుగారు ఎవరో చుట్టాల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనది పెద్ద భూములున్న కుటుంబం. ఏ గదిలోకి వెళ్లినా ఏదో ఒక వస్తువు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూడడం అలవాటు. పైపు చివర ఉండే ఛాంబర్‌లో పెట్టడానికి కడిగి ఉంచిన రాగి పళ్లెం మీదికి చెయ్యి చాచారు. మా సారు చేతులెత్తి "ముట్టకుండ్రి సార్" అన్నారు. అందరితో అన్నట్టే అన్నారు. హెడ్డుగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. చుట్టాలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. హెడ్డుగారు ముఖం మాడ్చుకుని వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో బీరువా ఇవతల నేను ఉన్నానని తెలియక హెడ్డుగారు అన్న మాట విన్నాను. "చూసిండ్రా కాలం? వాడు నన్ను ముట్టకు అంటాండు." 'వాడు' అనే మాట దగ్గర గొంతు కొంచెం దించారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎందుకు నవ్వారో వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. మా సారు తాతలు రఘునాథపల్లి పక్కన ఊరి బయటి పల్లెలో ఉండి, దొరల పొలాల్లో పని చేసినవాళ్లు.

నేను ఊరుకోలేక వెళ్లి ఆయనకి చెప్పేశాను. ఆయన గ్లవుజు వేళ్లు ఒక్కొక్కటీ ఊదుకుంటూ విన్నారు. ముందు నవ్వారు. తర్వాత, "మా తాత ఊరి బాయి కాడ ఈ మాట బతుకంత విన్నడు. నేను రాగి పళ్లెం కాడ ఒక్కసారన్న. నాది ఎందుకన్ననో చెప్తె సమజైతది. మా తాతకు మాత్రం ఎందుకో ఎవ్వలు చెప్పలే" అన్నారు. మరునాడు మళ్లీ అందరికీ ఎదురెళ్లి చేతులెత్తుతూనే ఉన్నారు. ఆయన స్థానంలో నేనుంటే మానేసేదాన్నో, ఇంకా గట్టిగా అరిచేదాన్నో. ఆయన గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

ధార మొదటిసారి వచ్చిన రోజు కూడా ఆయన గొంతు పెంచలేదు. అయస్కాంతం వేస్తే, పాజిట్రాన్లు పైపు చివరిదాకా వచ్చాయని కౌంటరు టిక్కు టిక్కుమంది. తీసేస్తే ఆగింది. మళ్లీ వేస్తే మళ్లీ టిక్కుమంది. నేను చప్పట్లు కొట్టి గంతులేశాను. ఆయన కొమురయ్య చేత అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించి, తాను తినడం మరిచిపోయారు. డ్యూటీ దిగి యూనిఫారంతోనే భార్య వచ్చింది. ఆమెని అక్కా అని పిలిచేదాన్ని. కాసేపు విని, "గింతేనా?" అంది.

"గింతే."

"ఇన్నేండ్ల సంది గీ టిక్కు టిక్కు కోసమేనా ఇంటికి రాంది?"

"గీ టిక్కు టిక్కు కోసమే."

"మంచిగనే ఉన్నది తియ్యి" అంది ఆమె, చల్లారిన బజ్జీ ఆయన నోట్లో పెడుతూ. ఆయన్ని అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

ఎనభైల మొదట్లో ఆ ఉక్కు ముక్క వచ్చింది. అణు రియాక్టర్లలో పైపులకి వాడదామని అనుకుంటున్న కొత్త రకం ఉక్కు. రియాక్టరులో ఉక్కుకి ఏళ్ల తరబడి పడే దెబ్బని, దూరాన ఉన్న ఒక పెద్ద యంత్రంలో అయాన్లతో కొట్టి కొద్ది గంటల్లోనే వేయొచ్చు. కాకపోతే ఆ దెబ్బ తోలు మందమే పడుతుంది. లోతుకి పోదు. ఆ తోలుని చూడగలిగింది మెల్లని ధార ఒక్కటే. అందుకే దేశంలో అంతమంది ఉండగా ఆ పని మా రేకుల షెడ్డుకి వచ్చింది. ఆ యంత్రం దగ్గర మా వంతు రావడానికి ఆయన ఏళ్లు కాచుకున్నారు. చివరికి పావలా బిళ్లంత ముక్క ఒకటి దెబ్బ తిని వచ్చింది. దాని మీద అయాన్లు తగిలిన చోట చాయ్ మరకలాగా గోధుమ రంగు మచ్చ. దానికి జతగా దెబ్బ తగలని ముక్క ఇంకొకటి. రెండింటినీ గాజు జాడీలో పెట్టి, జాడీ మీద పెద్ద అక్షరాలతో ముట్టవద్దని కాగితం అంటించారు. పంపు బాగు చేసుకుని ఛాంబర్ సిద్ధం చేస్తుండగా ఊళ్లో ఆయన తల్లి పోయింది.

డిపార్టుమెంటులో చాలామందిమి రఘునాథపల్లి వెళ్లాం. హెడ్డుగారు రాలేదు. నిధులు ఇచ్చే కమిటీ వాళ్లు వస్తున్నారని, ల్యాబులన్నీ తళతళలాడాలని, కొమురయ్యని కూడా ఆపేశారు. "నేను గూడ వస్త సార్, అవ్వ నాకు ఎన్నిసార్లు అన్నం పెట్టిందో" అని కొమురయ్య బతిమాలినా వినలేదు.

మేమక్కడ ఆ ముసలమ్మని మట్టిలో పెడుతుండగా, ఇక్కడ కొమురయ్య షెడ్డులోని ఇత్తడి సామానంతా చింతపండూ బూడిదా పెట్టి తోమాడు. హెడ్డుగారు వచ్చి చూసి, గాజు జాడీలోంచి మచ్చ ఉన్న ముక్కని స్వయంగా తీసి, వేళ్ల మధ్య తిప్పి, "ఏందిర ఈ మరక? కమిటోళ్లకు ఇదే గదా చూపెట్టాల్సింది. పాలిష్ పట్టు" అన్నారట. సారు వద్దంటారేమోనని కొమురయ్య నసిగితే, "సారు లేడు గదా. సారు పరువు నువ్వు కాపాడవా?" అన్నారట. ఆ మాటతో కొమురయ్య కూర్చున్నాడు. సన్న ఎమరీ కాగితం తడిపి, సాయంత్రం దాకా, ఎంతో ప్రేమగా రుద్దాడు.

మూడోనాడు ఆయన వచ్చారు. నేను వెనకే ఉన్నాను. కొమురయ్య జాడీ ఎత్తుకుని ఎదురొచ్చి, "సార్, అద్దం లెక్క చేసిన. మొఖం చూసుకోవచ్చు" అన్నాడు. ఆయన గ్లవుజులు వేసుకుని, చిమటాతో ముక్కని ఎత్తి, కిటికీ వెలుగులో పెట్టారు. నిజంగానే అందులో ఆయన ముఖం కనిపించింది. నాకు నెత్తి కొట్టుకుందామనిపించింది. కొమురయ్య మీద విరుచుకుపడబోయాను. ఆయన నా వైపు చూడకుండానే చెయ్యి ఎత్తి నన్ను ఆపి, "మంచిగ చేసినవు కొమురయ్యా. పో, చాయ్ తీసుకరా" అని పంపేశారు. అప్పుడు స్టూలు మీద కూర్చున్నారు. కాసేపు ఆ ముక్కని పట్టుకునే ఉన్నారు. "అమ్మను బొంద పెట్టి వచ్చిన. ఈడ ఇంకోటి" అన్నారు. ఇంతే అన్నారు.

అయినా కొలిచారు. తోలు ఏమైనా మిగిలి ఉందేమో చూడకుండా వదలకూడదని. మిగల్లేదు. దెబ్బ తిన్న ముక్క గీతా, తినని ముక్క గీతా గ్రాఫు కాగితం మీద ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కమిటీకి ముందురోజు హెడ్డుగారు వచ్చి ఆ గ్రాఫు చూసి ఎగిరి గంతేసినంత పని చేశారు.

"అరే! డ్యామేజే లేదు! ఇంత రేడియేషన్ తట్టుకున్నదా ఈ స్టీలు? శభాష్! ఇదే రిపోర్టు."

"దెబ్బ ఉండె సార్. దెబ్బ ఉన్న తోలును రుద్దేసిండ్రు. ఇప్పుడు మనం చూసేది కింది ఉక్కు. దీని మీద ఏం చెప్పినా చెల్లదు."

"రుద్దిన సంగతి ఎవనికి ఎరుక?"

"నాకెరుక."

"నువ్వు చెప్పకుంటె?"

"చెప్పకుంటె ఎవలన్న నమ్ముతరు సార్. నమ్మి ఈ ఉక్కుతోని పైపులు ఏస్తరు. ఆ పైపు పగిలిందనుకో, ఆడ మనుషులుంటరు గదా."

హెడ్డుగారు కుర్చీ లాక్కుని కూర్చుని గొంతు మెత్తగా చేశారు. మెత్తని గొంతంటే నాకు అప్పటినుంచే భయం. "చూడు, నీ మంచికే చెప్తాన. ఈ రిపోర్టు మీద నీ సంతకం ఉంటె ఈ షెడ్డు బిల్డింగ్ అయితది. కొత్త పంపు, కొత్త డిటెక్టరు, అన్నీ నీకే. లేకుంటె, పరకాలల కొత్త కాలేజీ పెట్టిండ్రు, ఫిజిక్స్ చెప్పేటోళ్లు లేరని రోజు అడుగుతాండ్రు."

మా సారుకి పిల్లల్లేరు. ఆ షెడ్డే ఉంది. సంతకం పెడితే అది ఆయనది, లేకపోతే కాదు. అంత సూటిగా తేల్చి పెట్టారు. ఆయన తన నిదానంతోనే ఆలోచించారు. గ్రాఫు కింద పెన్నుతో రాశారు: 'నమూనా పై పొర రుద్దబడినది. ఈ ఫలితమునకు అర్థము లేదు.' దాని కింద సంతకం పెట్టి, "ఇగో సార్, సంతకం" అని ఇచ్చారు. ఎవరు రుద్దారో రాయలేదు. రాస్తే కొమురయ్య మెడకే చుట్టుకుంటుందని. కొమురయ్యకి ఆ సంగతి తర్వాత నేనే చెప్పాను. "రెండు దెబ్బలు కొట్టినా మంచిగుండు అమ్మా. చాయ్ తీసుకరమ్మన్నడు" అని వలవల ఏడ్చాడు.

కమిటీకి ఆ కాగితం కింది భాగం లేని గ్రాఫు అందింది. ఆయనకి పరకాల డెప్యుటేషన్ అందింది. హెడ్డుగారు వీడ్కోలు సభ పెట్టి శాలువా కప్పారు. అందులో ఎవరికీ ఏ తప్పూ కనిపించలేదు. షెడ్డు సంగతి చెప్పాలంటే, పంపుని ఎమ్మెస్సీ ల్యాబుకి మోసుకుపోయారు. మిగతాదాని మీద గోనెసంచులు కప్పారు. నా పీహెచ్‌డీ ఉప్పు స్ఫటికాల మీదికి మారింది. ఉప్పు స్ఫటికాలతో ఎవరికీ ఏ పేచీ ఉండదు. మంచిగా పెరుగుతాయి, మంచిగా డిగ్రీ వస్తుంది.

ఇంటికి వెళ్లినప్పుడల్లా పరకాల కాలేజీకి పోయి ఆయన్ని చూసేదాన్ని. రెండు కటకాలు, ఒక పగిలిన ప్రిజం, ఇవే అక్కడి ల్యాబు. వాటితోనే ఎంతో నిదానంగా కాంతి వక్రీభవనం చెప్పేవారు. పిల్లలు వాటిని చేతిలోకి తీసుకుని ఇష్టమొచ్చినట్టు తిప్పుతుంటే ఏమీ అనేవారు కాదు. "ముట్టుకోండ్రి, ముట్టుకుంటనే వస్తది" అనేవారు.

ఒకసారి వెళ్లినప్పుడు ఆయన ముందు ఒక సైన్సు పత్రిక తెరిచి ఉంది. పెద్ద పత్రికే. ఆ ఉక్కు రేడియేషన్‌కి చెక్కుచెదరదని తేల్చిన వ్యాసం. మొదటి పేరు హెడ్డుగారిది. రెండో పేరు మా సారుది. అడక్కుండా, చెప్పకుండా వేసుకున్నారు. నేను ఒళ్లు తెలియకుండా తిట్టడం మొదలుపెట్టాను. నాకు వచ్చిన తిట్లన్నీ అయిపోయేదాకా ఆయన ఆగారు.

"నా పేరు మాత్రం మంచిగ రాసిండ్రు, ఒక్క అక్షరం తప్పు పోలే" అన్నారు.

"ఊకుంటరా సార్?"

"ఊకోలే. పత్రికోళ్లకు నా పేరు తీసెయ్యుండ్రి, ఇది తప్పని రాసిన. జవాబొచ్చింది. డిపార్టుమెంటు హెడ్డు ద్వారా పంపాల్నట."

పంపారు కూడా. హెడ్డుగారి ద్వారానే, మళ్లీ మళ్లీ. అది హెడ్డుగారి బల్ల దాటి ఎటు పోతుంది? నేను వెళ్లి అడిగితే, "ఆయనకు పేరొచ్చింది గదమ్మా, ఇంకేం గావాల్నట?" అన్నారు. హెడ్డుగారు ఆ తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు, నేను అక్కడే లెక్చరరునయ్యాను. ఆ వ్యాసం మాట ఎత్తినప్పుడల్లా మా సారు ఒక్కటే అడిగేవారు, "ఎవలన్న దాన్ని నమ్మి పైపు ఏసిండ్రా? నీకేమన్న తెలిసిందా?" నాకేం తెలుస్తుంది? తెలియదని చెప్పేదాన్ని. పోయే ముందు నెలలో కలిసినప్పుడు కూడా అదే అడిగారు.

అంత్యక్రియలు హనుమకొండలో, ఆయన ప్రతి ఆదివారం వెళ్లే గుడిలోనే జరిగాయి. పెట్టె ముందు అక్క తెల్లచీరలో నిటారుగా కూర్చుంది. మా ప్రిన్సిపాల్ గారు పెద్ద పూలదండతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పోయినవారి జీవితాన్ని గుడిలో చదివి వినిపించడం వాళ్ల ఆనవాయితీ. కాలేజీ నుంచి టైపు చేయించి పంపిన కాగితాన్ని పాస్టరుగారు చదివారు. పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివర, "రేడియేషన్‌కు చెక్కుచెదరని ఉక్కును ప్రపంచానికి చాటిన శాస్త్రవేత్తగా ఆయన చిరస్మరణీయులు" అని చదివారు.

అక్క లేచి నిలబడింది.

"అయ్యగారూ, జర ఆగుండ్రి. మా ఆయన అట్ల చెప్పలే. ఆ ఉక్కు చెడదని ఆయన ఎన్నడు అనలే. ముక్కను రుద్దిండ్రు. రుద్దినదాని మీద లెక్క చెల్లదన్నడు. అన్నందుకే పరకాలకు పంపిండ్రు. ఇప్పుడన్న నిజం చదివి బొంద పెట్టుండ్రి."

ఒక్క మాట కూడా తడబడలేదు. రోగులకి మందులు చెప్పినట్టు స్పష్టంగా చెప్పింది. గుడి మొత్తం విన్నది. పాస్టరుగారు కాగితం వంక చూశారు, ప్రిన్సిపాల్ గారి వంక చూశారు. "ప్రభువు మీకు ఆదరణ కలుగజేయును గాక, సిస్టర్" అన్నారు. వెనక ఎవరో కీర్తన అందుకున్నారు. అందరూ లేచి నిలబడ్డారు. ఇక ఆమె నిలబడి ఉన్నదీ కనిపించలేదు.

ప్రిన్సిపాల్ గారు పక్కనే ఉన్న నా వైపు వంగి, "పాపం, షాక్‌ల ఉన్నది" అన్నారు.

"షాక్‌ల లేదు సార్. నిజం చెప్పింది" అన్నాను. గట్టిగానే అన్నాను.

"నువ్వు గూడ జర మంచినీళ్లు తాగమ్మా" అన్నారాయన, ఎంతో దయగా.

రెండు రోజులకి పేపరులో జిల్లా పేజీలో వార్త వచ్చింది. మా ప్రిన్సిపాల్ గారి మాటలు, ఆ ఉక్కు, అంతా ఉంది. నేను ఆ పేపరు పట్టుకుని మిషన్ దవాఖానకి వెళ్లాను. అక్క అప్పుడే డ్యూటీలో చేరిపోయింది. ఇంజక్షన్ల గదిలో స్టవ్ మీద సిరంజులు ఉడకబెడుతోంది. నా చేతిలో పేపరు చూసి, "నేను చెప్పింది రాసిండ్రా? సదువు" అంది.

చదివాను. చివరి వాక్యం దగ్గర ఆగాను. "అది గూడ సదువు" అంది.

"ఆయన సతీమణి కన్నీరుమున్నీరవుతూ భర్త సాధించిన విజయాన్ని గుర్తు చేసుకున్నారు."

అక్క పట్టకారు కింద పెట్టింది.

"నేను ఏడ్చిన్నా?"

"లేదక్కా."

"నువ్వు ఆడనే ఉన్నవు గదా. గట్టిగనే చెప్పిన గదా?"

"గట్టిగనే చెప్పినవు. అందరిన్నరు."

"మరి?"

బయట వరండాలో ఎవరో చంటిపిల్ల ఇంజక్షనుకి భయపడి ముందే ఏడుస్తోంది. అక్క స్టవ్ తగ్గించింది. గిన్నె మీద మూత పెట్టింది. గోడ వైపు తిరిగి నిలబడి, అప్పుడు ఏడ్చింది.